థ కడుపులో చుక్క



రేడియోలో బొమ్మ కనిపించదు. అయినా ఈ పూట నేను మాట్లాడబోయేది బొమ్మ గురించే. ఇంట్లోనో బడిలోనో మన చేతులతో కట్టుకునే ఎల్‌సీడీ ప్రొజెక్టరు గోడ మీద వేసే బొమ్మ ఎంత తేటగా ఉంటుంది, ఆ తేట ఎక్కడ నుంచి వస్తుంది, దారిలో ఎక్కడ పోతుంది అన్నది ఇవాళ్టి సంగతి. నేను వరంగల్లో భౌతికశాస్త్రం చెప్పే బడిపంతుల్ని. ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురు కాలేదు. మా పిల్లలు తెచ్చి ముందు పెట్టారు.

కిందటి చలికాలంలో జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన కోసం పదో తరగతి ఆడపిల్లలిద్దరు ప్రొజెక్టరు చేస్తామన్నారు. ఒక బూట్ల డబ్బా, స్టేషనరీ దుకాణంలో కొన్న భూతద్దం, ఒకమ్మాయి వాళ్ల అన్న ఫోను. అంతే సరంజామా. డబ్బాకు ఒక పక్క గుండ్రంగా కోసి భూతద్దం బిగించారు. లోపల ఫోనును తలకిందులుగా నిలబెట్టారు. కుంభాకార కటకం బొమ్మను తిప్పి వేస్తుందని పాఠంలో చదివారు కదా, ముందే తిప్పి పెడితే గోడ మీద సరిగ్గా పడుతుందని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాక గోడ మీద బొమ్మ పడింది. కానీ మసక. మధ్యలో కొంచెం మేలు, అంచులకు పోయేకొద్దీ నీళ్లలో నానినట్టు. ముఖాల చుట్టూ ఎర్రగా, నీలంగా సన్నటి అంచు.

"సార్, ఫోన్ల ఫుల్ హెచ్‌డీ ఉన్నది గద. ఇరవై లక్షల పిక్సెళ్లంట. అవన్ని ఏడ వోయినయి?" అని అడిగింది చిన్నమ్మాయి.

"వెలుతురు చాలక, బిడ్డా" అన్నాను. అది సగం నిజమే. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మిగతా సగం కోసం కూర్చున్నాను.

మరుసటి వారం పాత సామాన్ల దుకాణంలో పదిహేను అంగుళాల కంప్యూటర్ మానిటరు ఒకటి దొరికింది. మా ప్రయోగశాల మూలన దుమ్ము పట్టిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఉంది. నలభై దాటిన శ్రోతలకు అది గుర్తుండే ఉంటుంది. కింద దీపం, పైన గాజు పలక, దాని మీద పారదర్శక కాగితం, ఆపైన స్తంభానికి వేలాడే కటకమూ అద్దమూ. ఒకప్పుడు ఇంజనీరింగు కాలేజీల్లో సెమినారు అంటే అదే. మానిటరులోంచి ద్రవస్ఫటికాల పలకను, అంటే ఎల్‌సీడీని, జాగ్రత్తగా విప్పి, వెనక దీపాలు తీసేసి, ఆ పారదర్శక కాగితం ఉండే చోట పరిచాం. దానికి 1024 నిలువు వరుసలు, 768 అడ్డు వరుసలు. మొత్తం పిక్సెళ్లు ఏడు లక్షల ఎనభై ఆరు వేల చిల్లర. ఫోనులో ఉన్నవాటిలో సగం కూడా కాదు. దీపం వెలిగించగానే గోడ మీద పడ్డ బొమ్మ ఫోను బొమ్మకన్నా ఎన్నో రెట్లు తేటగా ఉంది.

పిక్సెళ్లు తగ్గాయి, తేట పెరిగింది. పిల్లలు నావైపు చూశారు.

దీనికి జవాబు చెప్పడానికి వాళ్లను కొత్తవాడకు తీసుకెళ్లాను. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు మన ఊళ్లో తెలియనివారు లేరు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం మీద జంపఖానా నేసేటప్పుడు అడ్డంగా, నిలువుగా గీత ఎంత తిన్నగానైనా వస్తుంది. ఏటవాలు గీత మాత్రం రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. పడుగు పోగుల మధ్య నుంచి పేక పోవాలి. పోగుకూ పోగుకూ మధ్య రంగు మార్చే వీలు లేదు. దారం లావుగా ఉంటే మెట్టు పెద్దది, సన్నగా ఉంటే చిన్నది. ఆ మెట్టే పిక్సెల్. ఒక పిక్సెల్లో ఒక్క రంగే ఉంటుంది, సగం ఎరుపు సగం తెలుపు కుదరదు. తెర మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్న లెక్కనే రిజల్యూషన్ అంటున్నాం. ముగ్గు వేసే అమ్మలకు దీన్ని చెప్పనక్కర్లేదు. పదకొండు చుక్కలు పెట్టి పద్మం వేయొచ్చు, అయిదు చుక్కల్లో నెమలి కావాలంటే రాదు.

అదే పిల్లల ముందు ఇంకో బట్ట పరిచాను. మా ఇంట్లోని పోచంపల్లి చీర. ఇందులో బొమ్మ మగ్గం మీద పుట్టదు. పోగుల్ని ముందే కట్టలు కట్టి రంగులో ముంచుతారు, ఈ నేతను చిటికి అంటారు. నేసేటప్పుడు ఆ రంగు పోగులు దేని చోట అది వచ్చి కూర్చుంటే బొమ్మ తేలుతుంది. కట్టు కింద రంగు కాస్త జారినా, నేతలో పోగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ అంచు ఈకలాగా చెదురుతుంది. చిటికి బట్టకు ఆ చెదరడమే అందం, అది వేరే మాట. నేను పిల్లలకు చూపించదలచింది ఒక్కటే. జంపఖానా అంచులో మెట్లు ఉన్నాయి, కానీ ప్రతి మెట్టూ కత్తితో కోసినట్టుంది. చిటికి అంచులో మెట్లు కనబడవు, అంచే పల్చబడిపోయింది. రెండింటిలోనూ బొమ్మ చెడుతుంది, చెడే తీరు వేరు. ఒకటి పోగులు లావైనందువల్ల, ఇంకోటి పోగు తన చోట నిలవనందువల్ల.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ చిటికి నేతలో పోగుల్ని ఒక క్రమంలో పేర్చే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక దానికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారిది ఆలేరు పక్కన శారాజీపేట.  1999లో యంత్రం పూర్తయింది, దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో చేసిన వస్తువు అంటే ఉత్తుత్తి బొమ్మ అని పిల్లలు అనుకోకూడదని ఆయన సంగతి ప్రతి ఏడూ చెబుతాను. పోగు తన చోటికి చేరడంలోనే ఆ నేత అంతా ఉంది. మా ప్రొజెక్టరులోనూ అంతే. వెలుతురు పోగు తన చోటికి చేరాలి.

చేర్చేది కటకం. ఫోను తెర అయిదున్నర అంగుళాలు. అందులో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు ఇరికించారు. లెక్కేస్తే ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.063 మిల్లీమీటర్లు. పదిహేను అంగుళాల మానిటరులో ఒక్కో పిక్సెల్ 0.297 మిల్లీమీటర్లు, అంటే దానికి నాలుగున్నర రెట్ల పైనే పెద్దది. భూతద్దం ఒంటి గాజు ముక్క. ఎరుపు కాంతిని ఒకచోట, నీలం కాంతిని కాస్త ముందు చేరుస్తుంది. ముఖాల చుట్టూ రంగు అంచులు అందుకే. మధ్యనుంచి వచ్చిన కిరణాల్ని ఒకచోట, అంచునుంచి వచ్చినవాటిని ఇంకోచోట కలుపుతుంది. ఫోనులోని ఒక్కో సన్నటి చుక్కను గోడ మీద పది చుక్కలంత మరకగా పరుస్తుంది. పక్క చుక్క మరక దాని మీదికి, దాని మరక ఇంకోదాని మీదికి. ఇరవై లక్షలు ఎక్కడికీ పోలేదు. ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు కటకం అక్షరాలు చూపించడానికే తయారైంది. దాని ముందు పెట్టిన చుక్కలు కూడా పెద్దవి. వాటిని అది విడివిడిగా మోసుకెళ్లి గోడ మీద దించింది.

కాబట్టి ఇంట్లో ప్రొజెక్టరు కట్టే వాళ్లందరికీ నేను చెప్పే పరీక్ష ఒకటే. బొమ్మ వేశాక లేచి గోడ దగ్గరకు, జానెడు దూరానికి వెళ్లి చూడండి. పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య సన్నటి నల్లగీత కనిపిస్తోందా? దోమతెర గళ్లలాగా బొమ్మ గళ్లు గళ్లుగా ఉందా? ఉంటే మీ కటకం తన పని చేస్తోంది. ఇంకా తేట కావాలంటే ఎక్కువ పిక్సెళ్లున్న పలక తెచ్చుకోండి, ఫలితం ఉంటుంది. గడి కనిపించకుండా చుక్కలన్నీ అలుక్కుపోయి ఉంటే పలక మీద ఇంకో రూపాయి కూడా పెట్టకండి. ఆ డబ్బు కటకానికి పెట్టండి. అదీ కుదరకపోతే నల్ల అట్టలో చిన్న రంధ్రం కోసి భూతద్దం ముందు పెట్టండి. అంచు కిరణాలు ఆగిపోయి మసక తగ్గుతుంది. వెలుతురూ తగ్గుతుందనుకోండి.

మా మానిటరు పలక బొమ్మలో గడి కనిపించింది. పిల్లలు గోడకు ముక్కు ఆనించి చూశారు. ప్రతి గడిలో ఎరుపు, పచ్చ, నీలం మూడు సన్నటి చీలికలు. తెల్లగా ఉన్న చోట నిజానికి తెలుపు లేదు. మూడు రంగులు పక్కపక్కన నిలబడ్డాయి, దూరం పోతే కన్ను వాటిని తెలుపుగా కలిపేసుకుంటుంది. దుకాణంలో దొరికే ఖరీదైన ఎల్‌సీడీ ప్రొజెక్టర్లలో ఈ చీలిక ఉండదు. 1989లో ఎప్సన్ తెచ్చిన ప్రొజెక్టరు నుంచి వాటిలో మూడు చిన్న పలకలు పెడుతున్నారు, రంగుకొకటి. మూడు బొమ్మల్నీ లోపలే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి గోడకు పంపుతారు. ఇంట్లో అది మన వల్ల కాదు. ఒక్క పలకతోనే మన సంసారం.

ఇప్పుడు అసలు తగాదా. బొమ్మను ఎనభై అంగుళాలకు పెంచి, మిగతా పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టాం. మొదటి బెంచీ గోడకు రెండు మీటర్ల దూరం, చివరి బెంచీ ఆరు మీటర్లు. మొదటి బెంచీ పిల్లలు "సార్, అంత గళ్లుగళ్లే కనవడ్తంది" అన్నారు. చివరి బెంచీ పిల్లలు "గళ్లేం లేవు సార్, గని అక్షరాలు తెలుస్తలేవు" అన్నారు. ఒకే బొమ్మ మీద రెండు ఫిర్యాదులు. ఇద్దరూ నిజమే చెప్పారు.

మన కన్ను విడదీయగలిగే అతి చిన్న కోణం, ఆరోగ్యమైన చూపుకు, డిగ్రీలో అరవయ్యో వంతు. మామూలు మాటల్లో చెప్పాలంటే మూడున్నర మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు. దానికన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒక్కటిగా కనిపిస్తాయి. మా బొమ్మలో ఒక్కో పిక్సెల్ 1.6 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దగ్గర కూర్చున్న పిల్లకు 0.6 మిల్లీమీటర్ల పైన ఉన్నదేదైనా విడిగా కనిపిస్తుంది, కాబట్టి గళ్లు కనిపించి తీరతాయి. ఆరు మీటర్ల దగ్గర 1.75 మిల్లీమీటర్ల దాకా కలిసిపోతుంది, కాబట్టి గళ్లు మాయం. మా గది కొలతకు, చివరి బెంచీ వరకు, ఈ పాత పలకే చాలు. అక్కడ కూర్చున్న పిల్లకు ఇదే గోడ మీద ఫుల్ హెచ్‌డీ వేసినా, దానికి నాలుగు రెట్లు వేసినా తేడా తెలియదు. అదే బొమ్మను వంద అంగుళాలకు పెంచి మూడు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చునే ఇంట్లో లెక్క మారుతుంది. ఫుల్ హెచ్‌డీ పిక్సెల్ అక్కడ 1.15 మిల్లీమీటర్లు అవుతుంది, మూడు మీటర్ల కంటికి కొంచెం తెలుస్తూనే ఉంటుంది. 2560కి 1440 ఉన్న పలక అయితే సరిగ్గా అంచున నిలుస్తుంది. ఎన్ని పిక్సెళ్లు కావాలో దుకాణదారుణ్ని కాదు, టేపు తీసుకుని గదిని అడగాలి.

మరి చివరి బెంచీ వాళ్లకు అక్షరాలు ఎందుకు తెలియలేదు? ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాలి. నేను చదివినంతలో ప్రొజెక్టర్ల మీద రాసిన వాళ్లు ఎవరూ మన లిపిని మనసులో పెట్టుకుని రాయలేదు.

ఇంగ్లీషు అక్షరానికి అడ్డంగా అయిదు, నిలువుగా ఏడు చుక్కలు చాలు. రైల్వేస్టేషన్లో, బస్సు నుదుటన వెలిగే చుక్కల బోర్డులు చూడండి, క్యాపిటల్ అక్షరాలన్నీ ఆ ముప్ఫై అయిదు చుక్కల్లో ఒదిగిపోతాయి. తెలుగు అలా ఒదగదు. మన అక్షరం మూడంతస్తుల మేడ. పైన తలకట్టో గుడో ఏత్వమో ఉంటుంది, మధ్యన అక్షరం, కింద వత్తు. ఓరుగల్లు అని రాయండి. చివర ల కింద ఇంకో ల, పక్కన కొమ్ము. హన్మకొండలో న కింద మ. లక్ష్మిలో ఇంకా కింద వరుస కావాలి. ఏడు చుక్కల ఎత్తులో ఇవన్నీ పెట్టబోతే వత్తు పోయి కొమ్ము మిగులుతుంది, లేదా రెండూ కలిసి ఒక నల్లటి ముద్ద అవుతుంది. అక్షరం గుండ్రంగా ఉండడం ఇంకో కష్టం. నిలువు గీతకు మెట్లు ఉండవు, వంపుకు ప్రతి చోటా మెట్లే.

ఆ రోజు గోడ మీద మేం వేసిన వాక్యంలో "అర్థం" అనే మాట ఉంది. చివరి బెంచీ పిల్ల దాన్ని "అర్ధం" అని చదివింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ "అర్ధం" అనే అంది. ఆ పిల్ల తప్పు లేదు. థకూ ధకూ తేడా ఏమిటి? థ కడుపులో ఒక చుక్క ఉంటుంది, అంతే. ఆ చుక్క పోతే భావం అనే మాట సగం అనే మాట అయిపోతుంది. మా తెర మీద ఆ అక్షరం ఎత్తు పదహారు పిక్సెళ్లు. అందులో థ కడుపు ఖాళీ మూడు నాలుగు పిక్సెళ్లకు మించదు. అందులో చుక్క పెడితే చుట్టూ ఖాళీయే మిగలదు. దగ్గర నుంచి చూస్తే కంప్యూటరు దాన్ని ఒక బూడిద రంగు గడిగా వేసింది. ఆరు మీటర్ల దూరంలో బూడిద గడి ఎవరికి కనిపిస్తుంది?

ద, ధ; ప, ఫ. ఈ జంటల్లో తేడా అంతా అడుగున చిన్న గీటు. సినిమా బొమ్మ కదిలిపోతూ ఉంటుంది, ఒక ఫ్రేములో పోయింది ఇంకో ఫ్రేములో దొరుకుతుంది, కన్ను దయగా సర్దుకుంటుంది. కొందరు కావాలనే ఫోకస్ కొంచెం తప్పించి గళ్లు కనబడకుండా చేసుకుంటారు కూడా. సినిమాకు అది చెల్లుతుంది. పాఠానికి చెల్లదు. గళ్లతో పాటు థ లోని చుక్క కూడా పోతుంది. కాబట్టి మీ ప్రొజెక్టరు దేనికి అన్నది ముందు తేల్చుకోండి. పండగపూట వాకిట్లో సినిమాకైతే 1280కి 720 ఉన్నా ఊరంతా సంతోషంగా చూస్తుంది. తెలుగులో చదవాల్సింది ఉంటే ఒక్కో అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు ఇస్తున్నారో లెక్క పెట్టుకోవాలి.

మేం పెట్టుకున్నాం. అక్షరాన్ని పదహారు నుంచి ఇరవై నాలుగుకు, అక్కడి నుంచి ముప్ఫై ఆరు పిక్సెళ్ల ఎత్తుకు పెంచాం. వత్తులకు చోటు వదలాలి కాబట్టి వరుసకు యాభై నాలుగు పిక్సెళ్లు. 768 పిక్సెళ్ల ఎత్తులో పద్నాలుగు వరుసలు పడతాయి. అంతకు మించి ఒక్క వరుస కూడా తెర మీద పెట్టొద్దని పిల్లలకు నియమం చేశాం. అప్పుడు గోడ మీద అక్షరం ఎత్తు దాదాపు ఆరు సెంటీమీటర్లు. చివరి బెంచీ పిల్ల చదివింది.

ఈ లెక్క తెలిస్తే దుకాణంలో మోసపోరు. చవక ప్రొజెక్టర్ల డబ్బాల మీద "1080పి సపోర్ట్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దానర్థం ఆ బొమ్మను లోపలికి తీసుకుంటుందని మాత్రమే. లోపల పలక 800కి 480 ఉండొచ్చు. అంటే వచ్చిన పిక్సెళ్లలో అయిదో వంతుకన్నా తక్కువే గోడకు చేరతాయి, మిగతావి కుదించి పారేస్తుంది. పై నియమం ప్రకారం దాని మీద తెలుగు ఎనిమిది వరుసలకు మించి పట్టదు. "నేటివ్ రిజల్యూషన్ ఎంత?" అని అడగండి. ఆ అంకె చెప్పకపోతే కొనకండి. నా మేనల్లుడొకడు అడగకుండా కొన్నాడు, తిరిగి తీసుకోమంటే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. కంప్యూటరునూ పలక అసలు అంకెకే సెట్ చేయాలి. 1024 వరుసల పలకకు 1280 వరుసల బొమ్మ పంపితే అయిదు గీతల్ని నాలుగు గీతల్లో సర్దాలి, మొదట బలయ్యేవి వత్తులే.

అయితే ఎక్కువ పిక్సెళ్లున్న పలకే తెచ్చేసుకుంటే పీడా పోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి వెలుతురు రూపంలో ధర కట్టాలి. ద్రవస్ఫటిక పలకకు రెండు వైపులా, ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే ధ్రువణ పొరలుంటాయి. మొదటి పొర దగ్గరే సగం కాంతి పోతుంది. మిగిలినదాంట్లో రంగు చీలికలు తమకు అక్కర్లేని మూడింట రెండు వంతుల్ని మింగేస్తాయి. ప్రతి పిక్సెల్ పక్కన దాన్ని నడిపే ట్రాన్సిస్టరు, తీగలు కొంత చోటు ఆక్రమిస్తాయి, అక్కడ కాంతి దాటదు. చివరికి వేసిన వెలుతురులో నూటికి పది పాళ్లు కూడా గోడకు చేరదు. పిక్సెళ్లు చిన్నవయ్యేకొద్దీ ట్రాన్సిస్టర్లు అదే పాళ్లలో చిన్నవి కావు, కాబట్టి కాంతికి దారి ఇంకా ఇరుకవుతుంది. తోలుబొమ్మలాటలో దీపం ముందు పల్చటి తోలు పెట్టినా, మందమైన తోలు పెట్టినా తేడా తెర మీద తెలిసిపోతుంది కదా, అలాగ. బూట్ల డబ్బా సంగతి మరీ దయనీయం. 200 మిల్లీమీటర్ల నాభ్యాంతరం ఉన్న భూతద్దాన్ని గోడకు మూడు మీటర్ల దూరంలో పెడితే బొమ్మ పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. పొడవు పద్నాలుగు, వెడల్పు పద్నాలుగు. ఫోను తెర నుంచి కటకంలోకి పడ్డ కాస్త వెలుతురూ 196 రెట్ల చోటులో పరుచుకుంటుంది. నేను "వెలుతురు చాలక" అన్న సగం నిజం ఇదే.

ఇక మింగిన కాంతి ఏమవుతుంది? వేడి అవుతుంది. మన ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. చాలా మానిటరు పలకలకు తయారీదారులు పెట్టిన హద్దు 50 డిగ్రీలు. మే నెలలో మా గదిలోనే 42 ఉంటే మనకు మిగిలింది ఎనిమిది డిగ్రీలు. 1888లో రైనిట్జర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది ఏమిటంటే, ఈ ద్రవస్ఫటికం ఒక వేడి దాటితే తన అమరిక వదిలేసి మామూలు ద్రవం అయిపోతుంది. అమరిక పోతే కాంతిని తిప్పే గుణం పోతుంది, తిప్పని కాంతి రెండో ధ్రువణ పొరను దాటలేదు. మా పలక మధ్యలో ఒకసారి నల్లటి మచ్చ పుట్టి పెరగడం మొదలుపెట్టింది. పిల్లలు కాలిపోయిందని ఏడుపు ముఖం పెట్టారు. దీపం ఆపి, చల్లారాక చూస్తే మచ్చ లేదు. ఆ తర్వాత పలకను గాజు మీద ఆనించకుండా నాలుగు చెక్క ముక్కల మీద మూడు సెంటీమీటర్లు పైకి లేపి, మధ్యలో రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాం.

అలా లేపడంతో అనుకోని మేలు ఒకటి జరిగింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు గాజు కింద ఉండేది ఫ్రెనెల్ కటకం. లైట్‌హౌసుల కోసం ఫ్రాన్సులో ఫ్రెనెల్ చేసిన ఉపాయం అది. లావు గాజుకు బదులు పల్చటి పలక మీద వలయాలు వలయాలుగా గాట్లు. అంతకుముందు ఆ వలయాలూ పలక గళ్లూ కలిసి గోడ మీద చెరువు అలల్లాంటి గీతలు వేసేవి. పలక పైకి లేచి, కటకాన్ని దాని మీద ఫోకస్ చేసేసరికి వలయాలు ఫోకస్ తప్పి మాయమయ్యాయి.

చేసి చూడాలనుకునే పిల్లలకు రెండు జాగ్రత్తలు. మానిటరు వెనక దీపాలకు వందల వోల్టులు పోతాయి, ఆ సన్నటి గొట్టాల్లో పాదరసం ఉంటుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా విప్పొద్దు, గొట్టాలు పగలగొట్టొద్దు. పలక అంచున ఉండే పల్చటి రిబ్బన్ తీగల్ని మడవొద్దు. మేం ఒకటి మడిచాం. గోడ మీద ఒక నిలువు గీత శాశ్వతంగా మిగిలిపోయింది.

ప్రదర్శన రోజు మా పిల్లలు ప్రొజెక్టరుతో గోడ మీద ఒక చార్టు వేశారు. కంటి డాక్టరు గదిలో పై నుంచి కిందికి చిన్నవయ్యే అక్షరాల పట్టిక ఉంటుంది కదా, 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు మొదలుపెట్టింది. దానిలాంటిదే వాళ్లు తెలుగులో చేశారు. ప్రతి వరుసలో రెండే మాటలు, అర్థం, అర్ధం. ఏది ముందో ఏది వెనకో వరుస వరుసకూ మారుతుంది. పై వరుస నలభై ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు, అక్కడి నుంచి నాలుగేసి తగ్గుతూ పన్నెండు దాకా. చూడవచ్చిన వాళ్లను చివరి కుర్చీలో కూర్చోబెట్టి చదివించారు. మీ ఇంట్లో ఏ ప్రొజెక్టరు ఉన్నా ఈ చార్టు వేసి చూడండి. చుక్క ఏ వరుసలో కనబడకుండా పోతుందో అదే మీ ప్రొజెక్టరు అసలు అంకె, డబ్బా మీద ఏం రాసి ఉన్నా.

మా పాత పలక మీద, ఆరు మీటర్ల దూరం నుంచి, ఇరవై ఎనిమిది దాకా అందరూ చదివారు. ఇరవై నాలుగు దగ్గర పెద్దవాళ్లు ఆగిపోయారు. ఇరవై దగ్గర ఆ చిన్నమ్మాయి ఒక్కతే కళ్లు చిట్లించి చూసి, "మొదటిదాంట్ల చుక్క ఉన్నది సార్" అంది.